ఆట మూడున్నరకు, జనం పన్నెండు వందలు

గోడ క్యాలెండర్లు అచ్చువేసేవాళ్ళ మీద నాకో చిన్న ఫిర్యాదు ఉంది. రాహుకాలం వేస్తారు, వర్జ్యం వేస్తారు, దుర్ముహూర్తం ఎర్రసిరాతో వేస్తారు, అడుగున బంగారు కొట్టువాడి ఫోను నంబరు బొటనవేలంత అంకెలతో వేస్తారు. సూర్యాస్తమయం మాత్రం చీమ తలకాయంత. డెబ్బై దాటిన నా కళ్ళకి భూతద్దం పెట్టినా అది ఐదు నలభై ఒకటో, నలభై ఏడో తేలదు. ఈ సంగతి మా ఆవిడతో అంటే, "పొద్దు ఎప్పుడు గుంకుతుందో కాగితంలో చూడ్డం ఎందుకండీ, బాల్కనీలోకి వెళ్తే కనబడుతుందిగా" అంది. పాపం ఆవిడకి తెలియదు గానీ, నా ఉద్యోగ జీవితం మొత్తం మీద తీర్పు అందులోనే ఉంది.

ఆ ఉద్యోగం ఏమిటో మా బంధువుల్లో సగంమందికి ఇప్పటికీ తెలియదు. దుబాయ్‌లో టీవీలో పనిచేశాడంటారు. కనబడేవాడు కాబోలని అనుకుంటారు. పన్నెండేళ్ళు పనిచేసి ఒక్కసారీ కనబడలేదు. నా పని జోస్యం చెప్పడం. కాలేజీ కుర్రాళ్ళ ఫుట్‌బాల్ ఆటలు శుక్రవారాల్లో ప్రత్యక్ష ప్రసారం అయ్యేవి. బంతిని మొదటిసారి ఎన్ని గంటల ఎన్నో నిమిషాన తంతారు, చూడ్డానికి ఎంతమంది వస్తారు అన్న రెండు అంకెలూ నేను ముందే చెప్పాలి. ఇలాంటి పనిలోకి ఈ రోజుల్లో కుర్రాళ్ళు పెద్ద పెద్ద యంత్రాలతో వస్తున్నారని విన్నాను. వాళ్ళకి పనికొస్తుందేమోనని రాస్తున్నాను. యంత్రానికి పనికొచ్చే మాట ఇందులో ఒక్కటీ ఉండకపోవచ్చు.

ఖాళీ గడ్డి

వాల్తేరులో స్టాటిస్టిక్స్ చదివి, కాకినాడలో మూడేళ్ళు ఖాళీగా కూచుని, డెబ్బైల చివర్లో దుబాయ్ టీవీ స్టేషన్‌లో టైపిస్టుగా చేరాను. నేను చేరిన శీతాకాలంలోనే ఒక శుక్రవారం కాలేజీల ఆట మూడున్నరకి మొదలవుతుందని స్టేషన్ ప్రకటించింది. నాలుగూ పదికి మొదలయింది. ఆ నలభై నిమిషాలూ చూపించడానికి వేరే ఏమీ సిద్ధంగా లేక, ఖాళీ మైదానాన్నే చూపించారు. పచ్చగడ్డి, మధ్యలో తెల్లగీత, అప్పుడప్పుడు ఒక పావురం. కొందరు ఫోన్ చేసి బాగుందన్నారు. మా ముదీర్‌కి మాత్రం బాగాలేదు.

ముదీర్ అంటే పై అధికారి. ఆయన పేరు ఇద్రీస్, సూడాన్ దేశస్థుడు. తాటిచెట్టంత మనిషి, తెల్ల తలపాగా, ఎంత కోపంలోనూ నిద్రలోంచి మాట్లాడుతున్నట్టుండే గొంతు. మర్నాడు ఆఫీసులో అంకెలు చదువుకున్నవాడెవడని అడిగాడు. అందరూ నా వైపు చూశారు. ప్రతి ఆటకీ ముందు రోజు రాత్రి రెండు అంకెలు రాసి ఇమ్మన్నాడు: ఒకటి నిమిషం, ఒకటి తలకాయలు. నిమిషాన్ని బట్టి ఆయన కార్టూన్లు సర్దుకుంటాడు, తలకాయల్ని బట్టి మైదానంవాళ్ళు గేట్లు తీస్తారు, నీళ్ళ ట్యాంకులు తెప్పిస్తారు. నేను దేశమర్యాద ప్రకారం కాగితం అడుగున 'ఇన్‌షా అల్లా', దేవుడి దయుంటే, అని చేర్చాను. ఆయన దాన్ని కొట్టేసి, "ఆ మాట నేను అంటాను. నువ్వు నిమిషం రాయి" అన్నాడు.

నాకు దొరికిన అధికారుల్లో మంచివాడాయన. తప్పు చేస్తే అరవడు. ఆ కాగితం మడిచి చొక్కాజేబులో పెట్టుకుంటాడు, అంతే. ఆ జేబు వైపు చూడాలంటే నాకు భయంగా ఉండేది.

ఈ పనిలో మొదట నేర్చుకోవలసింది, ప్రకటించిన సమయాన్ని నమ్మకపోవడం. పెళ్ళి శుభలేఖలో భోజనాల సమయం చదివినట్టు చదవాలి. ముఖ్య అతిథి మధ్యాహ్నం ఎక్కడ భోంచేస్తున్నాడో కనుక్కోవాలి. చేపలయితే పది నిమిషాలు, మేకపిల్లని అన్నం మీద నిలువునా వడ్డించే ఇల్లయితే పావుగంట కలపాలి. ఇక నమాజు వేళలు. అక్కడ ఆటలు వాటి మధ్య ఇమడాలి. అస్ర్ నమాజు మధ్యాహ్నం మూడు దాటాక, మగ్రిబ్ నమాజు పొద్దు గుంకగానే. దీపాలు లేని మైదానమైతే ఈ రెండింటి మధ్యా ఆట మొత్తం అయిపోవాలి. ఏడాది పొడుగునా ఏ రోజు ఏ నిమిషానో ముద్రించిన అట్ట ఒకటి ప్రతి కొట్టులోనూ ఊరికే ఇచ్చేవారు. దాన్ని నేను పర్సులో పెట్టుకు తిరిగేవాణ్ణి. నా పెళ్ళి ఫోటో దాని వెనక ఉండేది.

శీతాకాలపు మధ్యాహ్నాలు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎండ పాలమీగడలా పల్చబడుతుంది. నేను ఆటకి రెండు గంటల ముందే వెళ్ళి ఖాళీ మెట్ల మీద కూచునేవాణ్ణి. దూరంగా క్రీక్ అనే సముద్రపు పాయలో పడవ ఇంజన్ల చప్పుడు, పక్క మసీదులో ఎవరో గొంతు సవరించుకోవడం, గడ్డి మీద నీళ్ళు తిరుగుతూ చిమ్ముతుంటే అందులో ఒక చిన్న ఇంద్రధనుస్సు వచ్చి పోతుండటం. ఇంత హాయికి జీతం కూడా ఇస్తున్నారే అనిపించేది. అలా అనిపించినప్పుడు జాగ్రత్తపడాలని ఇప్పుడు తెలుసు.

ఇస్త్రీ లెక్క

నిమిషం కంటే తలకాయలు కష్టం. టిక్కెట్టు లేని ఆట, ముందు అమ్ముడయ్యేదేమీ లేదు. మొదటి ఏడాది నేనిచ్చిన అంకెలు చూసి ఇద్రీస్ చొక్కాజేబు ఉబ్బిపోయింది.

దారి చూపించింది ఖాన్ సాబ్ అనే పఠాన్. మా వీధిలో ఇస్త్రీ దుకాణం ఆయనది. ఒక గురువారం నా ప్యాంటు తెచ్చుకోడానికి వెళ్తే, కుదరదు, రేపు ఆట ఉంది, కందూరాలు గుట్ట పడ్డాయన్నాడు. కందూరా అంటే అక్కడివాళ్ళు వేసుకునే మడమల దాకా ఉండే తెల్ల అంగీ. కాలేజీ కుర్రాడు ఆటకి మాసిన అంగీతో రాడు. కెమెరా ఉంటే అసలే రాడు. నేను ప్యాంటు సంగతి మర్చిపోయి గుట్ట లెక్కపెట్టాను.

తర్వాత మూడు నెలలు ఊళ్ళో ఆరు ఇస్త్రీ దుకాణాలు చుట్టి, గురువారం సాయంత్రం గుట్టల్ని శుక్రవారం వచ్చిన జనంతో పోల్చి, ఒక గుణకారం తయారుచేశాను. అది పనిచేసింది. భయంకరంగా పనిచేసింది. ఇద్రీస్‌కి ఈ రహస్యం చెప్పలేదు. ఆయన నాకేదో పెద్ద విద్య వచ్చనుకున్నాడు. నేను కాదనలేదు.

కుర్రాళ్ళకి నేను చెప్పేదొకటుంది. ఇలాంటి గుణకారం దొరికినప్పుడు అది ఎవర్ని లెక్కపెడుతుందో వెంటనే తెలుస్తుంది. ఎవర్ని లెక్కపెట్టదో తెలియడానికి చాలాకాలం పడుతుంది. ఇస్త్రీ బట్టలు లేనివాళ్ళు నా లెక్కలో మనుషులు కారు. ఆ మాట అప్పుడెవరైనా అంటే నొచ్చుకునేవాణ్ణి.

లింగయ్య లగ్గం

లింగయ్యది జగిత్యాల దగ్గర పల్లె. దుబాయ్ మైదానంలో గడ్డికి నీళ్ళు పెట్టడం, సున్నంతో గీతలు వేయడం, వలలు కట్టడం అతని పని. ఇరవై నాలుగేళ్ళుంటాయి. చదువు రాదు గానీ గీత వేస్తే దారం పట్టి లాగినట్టుండేది. ఖాళీ మెట్ల మీద కూచునే నాకూ, ఖాళీ మైదానంలో తిరిగే అతనికీ స్నేహం కుదిరింది. అతని ఉత్తరాలు నేను రాసిపెట్టేవాణ్ణి, వచ్చినవి చదివిపెట్టేవాణ్ణి. నా కాకినాడ తెలుగు విని అతనూ, అతని మాట విని నేనూ నవ్వుకునేవాళ్ళం.

ఎనభై మూడో, నాలుగో. ఫుజైరాలో కొత్త మైదానం తయారయింది. తూర్పు తీరం, కొండలు దాటి రెండున్నర గంటల ప్రయాణం. లింగయ్యని అక్కడికి మార్చారు. ఆ ఏడు ఫైనల్ కూడా అక్కడే అన్నారు, డిసెంబరులో ఒక శుక్రవారం.

అతనికి సంబంధం కుదిరింది. పిల్లని చిన్నప్పుడు జాతరలో చూశాడట, పేరు లక్ష్మి. ఇంటి దగ్గర ముహూర్తం పెట్టాలి. సెలవేమో రెండేళ్ళకోసారి, అదీ ఫైనల్ అయ్యాకే అని కఫీల్ షరతు. వీసా ఎవరి పేరున ఉందో ఆయన కఫీల్, పాస్‌పోర్టు ఆయన బీరువాలోనే ఉంటుంది. ఫైనల్ తర్వాతి ఆదివారం పొద్దున పది నలభై రెండుకి ఒక మంచి ముహూర్తం ఉంది. అది దాటితే మూఢం, మళ్ళీ మూడు నెలల దాకా పెళ్ళిళ్ళు లేవు. అంటే శుక్రవారం ఆట కాగానే బయల్దేరి, ఆ రాత్రి విమానంలో బొంబాయి, అక్కణ్ణించి బస్సులో జగిత్యాల. అన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఉన్నాయి. మొదటి తోక నా చేతిలో ఉంది.

"ఆట ఎన్నింటికి ఖలాస్ అయితది సార్? మీరు జెప్తే మా నాయినకు రాస్త. మీరు జెప్పినంక ఇగ తిరుగు లేదు" అన్నాడు.

నేను పర్సులోంచి అట్ట తీశాను. ఆ రోజు పొద్దు ఐదున్నరకి గుంకుతుంది. మూడున్నరకి ఆటంటే మూడూ ముప్పై ఎనిమిదికి మొదలు, ఐదూ ఇరవైకి ముగింపు. ఐదూ ముప్పావుకి వలలు విప్పడం. మా ప్రసార వ్యానులో ఎక్కిస్తే ఎనిమిదిన్నరకి విమానాశ్రయం. పదకొండుకి విమానం. వాళ్ళ నాన్నకి ఉత్తరం నేనే రాశాను, ముహూర్తం ఖాయం చేసుకోవచ్చని. కింద గీత గీశాను కూడా.

కొండలు

ఆటకి రెండు వారాల ముందు ఫుజైరా వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం చేరి, రెండింటికి బయల్దేరి వచ్చేశాను. మైదానానికి తూర్పున సముద్రం, పడమట కొండలు. చెట్టన్నది లేని కొండలు, ఎవరో నిద్రలో ఒత్తిగిల్లినట్టు ఒకదాని మీద ఒకటి, ఊదారంగులో. చాలాసేపు చూశాను. అందంగా ఉన్నాయనుకున్నాను. వాటితో నాకు పని పడుతుందనుకోలేదు.

నేను కాకినాడ వాణ్ణి, సూర్యుడు సముద్రంలోంచి లేవడం చూస్తూ పెరిగాను. దుబాయ్‌లో సముద్రంలోకి దిగడం చూశాను. రెండు చోట్లా అంచు చదునుగానే ఉంటుంది. అందుకని అట్టలో ఉన్నదే ఆకాశంలో జరుగుతుందని నా నమ్మకం.

గొట్టం చుడుతూ లింగయ్య అన్నాడు: "సార్, గీడ పొద్దు జల్ది పోతది. నాలుగున్నర దాటితె కొండ మింగుతది. జుమ్మా నమాజ్ కాంగనే, రెండుకొట్టంగ షురూ జేయిస్తె మంచిగుంటది."

అతనికి అట్ట చూపించాను. అరబ్బీలో, ఇంగ్లీషులో అచ్చయిన అట్ట. ఐదూ ముప్పై అన్నచోట వేలు పెట్టి చూపించాను. అతను వేలి వైపు చూశాడు, కొండ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "కాయితంల ఉంటె సరే సార్" అన్నాడు.

రెండింటికి పెట్టకపోవడానికి నాకు ఇంకో కారణం ఉంది. ఇద్రీస్ కూడా అడిగాడు, ముందుకు జరుపుదామా అని. శుక్రవారం భోజనం చేసిన కుర్రాడు రెండింటికి పడుకుంటాడు. మూడున్నరకైతే పన్నెండు వందల మంది, రెండింటికైతే ఏడు వందలు. నా అంకె పెద్దదిగా ఉంటే బాగుంటుందనుకున్నాను. ఆ మాట అనలేదు, "ప్రేక్షకుల సౌకర్యం" అన్నాను. కాగితం మీద రాసిచ్చాను: ఆట మూడున్నరకు, జనం పన్నెండు వందలు, ఒక గేటు చాలు.

శుక్రవారం

దేశం వెళ్ళేవాడి చేతికి తలా ఒక పొట్లం ఇవ్వడం మనవాళ్ళ ఆనవాయితీ. టపాకి నమ్మకం లేదు, మనిషికి నమ్మకం. ఫుజైరా కొండల్లో రాళ్ళ క్వారీలున్నాయి, వాటి క్యాంపుల్లో కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళు. లింగయ్య లగ్గానికి పోతున్నాడని అన్ని క్యాంపులకీ తెలిసింది. అతన్ని పట్టుకోవాలంటే మైదానంలోనే, ఆట రోజునే.

మూడింటికి క్వారీ లారీలు వచ్చి ఆగాయి. దిగుతున్నవాళ్ళ బట్టలకి ఇస్త్రీ లేదు. ప్రతివాడి చంకలో ఒక మూట. పాలపొడి డబ్బా, తలనొప్పి మందు సీసాలు, చిన్న ట్రాన్సిస్టర్, చీర, మాటలు రికార్డు చేసిన క్యాసెట్. నా పొట్లం కూడా ఉంది, మా అమ్మకి గొంగడి. ఒకే గేటు, ఇద్దరు పోలీసులు. ముఖ్య అతిథి వస్తున్నాడు కాబట్టి ప్రతి మూటా విప్పి చూస్తున్నారు. కాలేజీ బస్సులు వెనక ఆగిపోయాయి, ఒక జట్టుది కూడా అందులోనే. లోపల కుర్రాళ్ళు యల్లా, యల్లా, త్వరగా అని అద్దాలు కొడుతున్నారు. జనం నా అంకెకి దాదాపు రెండింతలు.

నాలుగూ ఐదుకి బంతి కదిలింది.

మా ప్రసార వ్యానులో తెరమీద ఆట ఎంత అందంగా ఉందో చెప్పాలి. కొండల మీద పల్చటి మబ్బు. సముద్రం వైపు నించి గాలి. తెల్ల అంగీల వరసలు ఒక పక్క, మూటలు ఒళ్ళో పెట్టుకున్న క్వారీ మనుషులు మరో పక్క. మొదటి సగం అవకముందే కొండ నీడ ఒక చివర గడ్డి మీదికి దిగింది. మెల్లగా, నీళ్ళు పారినట్టు, లింగయ్య వేసిన గీతల మీద నించి ఒక్కొక్కటీ దాటుకుంటూ. నాలుగూ నలభై. పర్సులో అట్ట ఇంకా యాభై నిమిషాలు పగలుందంటోంది.

ఆ రోజుల్లో కెమెరాలకి వెలుతురు చాలా కావాలి. రెండో సగం మొదలయ్యేసరికి తెర మీద బూడిదరంగు. ఐదూ పదికి కెమెరామన్ తనకి చొక్కాలు కనబడుతున్నాయి గానీ మనుషులు కనబడట్లేదన్నాడు. ఐదూ ఇరవైకి ఇద్రీస్ వ్యానులోంచి మైదానంలోకి కబురు పంపాడు, రిఫరీ ఈల వేశాడు. మిగిలిన ఆట మర్నాడు పొద్దున ఎనిమిదికి.

అంటే ఆట ఖలాస్ కాలేదు. కఫీల్ తరఫున పాస్‌పోర్టు తెచ్చిన మనిషి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. లింగయ్య వెళ్ళి అడిగితే, రేపు వలలు విప్పాక ఇస్తానన్నాడట. అతని తప్పు కూడా ఏమీ లేదు, అతనికి చెప్పింది అంతే.

ఇప్పుడు రాయబోయేది ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఆట ఆగగానే నేను మెట్ల పై వరసకి ఎక్కి నా లెక్కల పుస్తకం తెరిచాను. లెక్క ఎక్కడ తప్పిందో వేడిగా ఉండగానే పట్టుకోవాలని. గేటు ఆలస్యం ఎంత, నీడ ఎంత, జనం ఎంత. లింగయ్య మెట్లెక్కి వచ్చాడు. మెడలో అప్పటికే ఎవరో వేసిన చమ్కీ దండ ఉంది.

"సార్, ముదీర్ సాబ్ కారెక్కుతుండు. ఆయన ఒక్క మాటంటె పాస్‌పోట్ ఇస్తడట. మీరు జర జెప్పుండ్రి."

"ఒక్క నిమిషం లింగయ్యా" అన్నాను.

నేను ఒక నిలువు వరస కూడుతున్నాను. మధ్యలో ఆపితే మళ్ళీ మొదట్నించి కూడాలి. అతను పక్కన నిలబడ్డాడు, మర్యాదగా. కూడిక పూర్తిచేసి, కింద గీత గీసి, తలెత్తేసరికి ముదీర్ కారు ఎర్రదీపాలు కొండదారి మలుపులో ఉన్నాయి. మేం ఇద్దరం గేటు దాకా పరిగెత్తాం. ఎందుకు పరిగెత్తామో తెలియదు. తర్వాత గడియారం చూసుకున్నాను. ఒక్క నిమిషమన్నది పదకొండు నిమిషాలయింది. ఆ తేడా మాత్రం పుస్తకంలో రాయలేదు.

పాస్‌పోర్టు మనిషిని నేనూ బతిమాలాను. నాకు వచ్చిన అరబ్బీ అంకెల వరకే.

వలల గది

శనివారం పొద్దున ఆట ఎవరూ చూడలేదు. ఒక గోలు పడింది. లింగయ్య వలలు విప్పాడు, మడిచాడు, పాస్‌పోర్టు చేతికిచ్చారు. ఆ టిక్కెట్టుకి తర్వాతి విమానం మంగళవారం. ఇంటికి తంతి ఇచ్చాం. అది చేరిన రోజు ఏదో తర్వాత తెలిసింది, సోమవారం.

అతను వెళ్ళలేదు. ముహూర్తం దాటాక పోయి ఏం చేయాలి, సెలవు ఖర్చవుతుంది, మూఢం పోయాక వెళ్తానన్నాడు. పొట్లాలన్నీ వలల గదిలో పేర్చాడు. తర్వాతి శుక్రవారం క్వారీవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఎవరిది వాళ్ళు పట్టుకెళ్ళారు. నా గొంగడి తెచ్చుకోడానికి నేను ఇంకో రెండు వారాలకి వెళ్ళేసరికి, వాళ్ళ నాన్న ఉత్తరం వచ్చి ఉంది. చదవమని ఇచ్చాడు.

ఊళ్ళో బడిపంతులు రాసినట్టున్నాడు, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మేమంతా క్షేమం, నీవు క్షేమమని తలుస్తాము. నీవు వస్తావని పది నలభై దాకా రోడ్డు మీద మనిషిని నిలబెట్టినాము. పిల్లవారు వెనక్కి పోయేటట్టుంటే పెద్దమనుషులు కూర్చుని మాట్లాడి, ముహూర్తం దాటనీయకుండా నీ తమ్ముడు రాజేశంను పీటల మీద కూర్చోబెట్టినాము. నీవు మనసులో ఏమీ పెట్టుకోవద్దు. ఈ ఏడు వర్షాలు బాగా పడినవి.

పెళ్ళి నిమిషం తేడా లేకుండా జరిగింది. పెళ్ళికొడుకే మారాడు.

లింగయ్య గడ్డి వైపు చూస్తూ, "ఇంకొక్కపారి సదువుండ్రి సార్" అన్నాడు. వర్షాల దాకా మళ్ళీ చదివాను. ఉత్తరం తీసుకుని నాలుగు మడతలు పెట్టి, నీళ్ళ వాల్వు తిప్పడానికి వెళ్ళిపోయాడు.

నేను దుబాయ్ తిరిగొచ్చి ఇద్రీస్‌కి అంతా చెప్పాను, పదకొండు నిమిషాల సంగతి తప్ప. ఆయన జేబులోంచి ఫైనల్ నాటి కాగితం తీసి, మొదటిసారిగా నాకు తిరిగి ఇచ్చేశాడు. అరిచినా బాగుండేది.

సగటు

ఆ తర్వాత నేను మంచి పనివాణ్ణయ్యాను. కొత్త మైదానమంటే ముందు రోజు సాయంత్రం వెళ్ళి, పొద్దు పూర్తిగా పోయేదాకా కూచునేవాణ్ణి. క్యాంపుల వంటవాళ్ళతో స్నేహం చేశాను. శుక్రవారం వంటకి బియ్యం ముందు రాత్రే నానేశారా అని చూస్తే వాళ్ళు ఆటకి వచ్చేదీ రానిదీ తెలుస్తుంది. ఇస్త్రీ బట్టల్నీ నానేసిన బియ్యాన్నీ కలిపితే జనం. ఈ వృత్తిలో నేను కనిపెట్టింది ఇదొక్కటే. ముఖ్య అతిథుల భోజనాల లెక్క కూడా ఇక తప్పలేదు.

మనవాళ్ళలో ఒక అలవాటుంది. చదువుకున్నవాడు చదువులేనివాడి మాట వింటాడు, తలూపుతాడు, నోట్ చేసుకోడు. నాకు ఆ అలవాటు బాగా ఉండేది. ఇప్పుడు లేదని చెప్పలేను. తగ్గిందంటాను.

ఎనభైల చివర ఉద్యోగం మానేసి వచ్చే ముందు ఫుజైరా వెళ్ళాను. మైదానానికి దీపస్తంభాలు వచ్చాయి. లింగయ్య ఇప్పుడు పెద్ద మేస్త్రీ, కింద నలుగురు పనివాళ్ళు. మధ్యలో ఒక్కసారి ఇంటికెళ్ళి వచ్చాడట. మరదలు మంచినీళ్ళిచ్చి బావా అని పిలిచిందట, కూర బాగా వండిందట. తను పెళ్ళి చేసుకోలేదు. ఇద్దరం మెట్ల మీద కూచుని చాయ్ తాగాం. నాలుగు దాటింది. కొండ నీడ గడ్డి అంచుకి వచ్చి ఆగి, ఆలోచిస్తున్నట్టుంది.

ఏదో ఒకటి మాట్లాడాలి కదా. సంచిలోంచి నా పుస్తకాలు తీశాను. పన్నెండు శీతాకాలాల ఆటలు, నేనన్న నిమిషం ఒక పక్క, జరిగిన నిమిషం ఇంకో పక్క. ఎవరికైనా చూపించాలని ఎప్పట్నించో ఉంది. చివరి పేజీలో కూడి, భాగించి ఉంచాను. అన్ని ఆటలూ కలిపితే సగటున ఐదు నిమిషాలే తేడా లింగయ్యా, అన్నాను. ఫుజైరా ఆటని కూడా కలిపే లెక్కేశాను, దాచలేదు అని కూడా చెప్పాను.

ఆ ఏటి పేజీ తీసి ఇస్తే, అతను దాని మీద వేలితో కింది దాకా వచ్చాడు. అంకెలు మాత్రం నేర్చుకున్నాడు, ఈ మధ్యనే. ఫుజైరా వరస దగ్గర వేలు ఆగింది. పుస్తకం మూసి, దుమ్ము లేకపోయినా తుడిచి, నా ఒళ్ళో పెట్టాడు.

"సగటు మీది సార్. నాకు గా ఒక్క ఆటనే ఉండె."